చిన్నరాములు దిక్కు అంచు

పటాన్‌చెరు,
9 ఆగస్టు 1974

చిన్నరాములు కాకకు,

మీరూ నాయినా కలిసి చేసిన కాన్వెంటు బెంచీల మీద కూర్చొని చదువుకున్న భ్రమరాంబ నమస్కారాలు. షోలాపూర్‌లో మీరు, చిన్నమ్మ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

ఈ ఉదయం నాయిన పెన్సిలును ఎడమ చెవి వెనక పెట్టుకున్నాడు. మీకు తెలుసు, ఎప్పుడూ కుడి చెవే. కుడిచెయ్యి ఇప్పుడు భుజం దాకా లేవదు. చలికాలంలో ఫ్యాక్టరీలో పని చేస్తూ పడిపోయాడు. పక్షవాతమన్నారు. మాట తిరిగి వచ్చింది. జ్ఞాపకం అంతా రాలేదు. ఒక్కోరోజు నన్ను అమ్మ పేరుతో పిలుస్తాడు.

మీ ఇద్దరికీ మాటల్లేవని ఇంతకాలం అమ్మ నన్ను రాయనివ్వలేదు. నిన్న తనే కవరు తెచ్చి నా పుస్తకం మీద పెట్టింది.

మీరిద్దరూ జుమ్మేరాత్ బజారులో కొన్న, చెక్కలో కాలువలా గాడి తీసే ఇంగ్లీషు రందా గురించి రాస్తున్నాను. పెట్టె మూత లోపల అంటించిన కాగితాన్ని చెదలు సగం తినేశాయి. మిగిలిన సగంలోని బొమ్మలు చూసుకుంటూ విడిభాగాలు చాప మీద పరిచాను. పిడి ఉన్న దిమ్మెకు రెండు కడ్డీలు ఎక్కించి, వాటి మీద జరిగే రెండో దిమ్మెను తోశాను. చెక్క అంచును ఆనుకొని నడిచే పక్కపట్టీని మాత్రం తిరగేసి బిగించాను. నాయిన ఎడమచేత్తో విప్పి నా చేతిలో పెట్టాడు.

చివరకు ఒక చిన్న ఉక్కు ముక్క మిగిలింది. మూడు ఆకులు, నాలుగో ఆకు ఉండవలసిన చోట ఖాళీ. కాగితంలో దాని పేరు స్పర్ అని ఉంది. నిఘంటువు చూస్తే రౌతు మడమకు కట్టుకునే ముల్లు అని ఉంది. అదే చదివి వినిపించాను. మనింట్ల గుర్రమేడున్నదే పిల్లా, ఆ సిస్టర్లు నీకు గిదేనా చెప్పింది అని నవ్వాడు. పడిపోయాక నవ్వడం అదే మొదటిసారి.

తర్వాత తనే చూపించాడు. చెక్క పోగు వెంట గాడి తీసేటప్పుడు ఆ ఖాళీని కిందికి తిప్పాలట. పోగుకు అడ్డంగా తీసేటప్పుడు ఒక ఆకును కిందికి తిప్పి మర బిగించాలి. అది బ్లేడు కంటే ముందు నడిచి పోగును తెంపుతుంది. రెండు దిమ్మెలకూ ఒక్కొక్క ముక్క ఉండాలి. ఒకటే ఉంది. రెండోదాని మర గుంతలో దుమ్ము పేరుకుంది.

ఇంకోటేదని అడిగాను. చిన్నరాములు తీస్కపోయిండు అన్నాడు. నేను ఫ్యాక్టరీల చేరుతనన్న రోజు, నువ్వు సైరన్ కూతకు లేచి కూతకు పండుకో, గీ రందా మాత్రం ఒక్కనికి పనిచెయ్యొద్దు అని ఊడదీసి ధోతి కొంగుల ముడేసుకున్నడు, నేను గూడ తియ్యనిచ్చిన అన్నాడు. లేత్ షాపులో ఇంకోటి చేయిద్దామంటే, ఆని జాగల ఇంకోటి పెడ్తనా అని నా మీద గరమయ్యాడు.

అది ఇప్పుడు ఎందుకంటే, ఫ్యాక్టరీ ఫోర్‌మన్ నరసరాజుగారు ఇంటికి వచ్చారు. సోమవారం వచ్చి టేకు పలక మీద అడ్డంగా ఒక్క గాడి తీసి చూపించవయ్యా రాములూ, శుభ్రంగా వస్తే నిన్ను పనిలో ఉంచేలా నేను మాట్లాడతాను, రాకపోతే నా చేతిలో లేదు అన్నారు. చెడ్డమనిషి కారు. నేల చూస్తూ చెప్పారు.

రంపం పడితే నాయిన చెయ్యి వణుకుతుంది. పలక మీద ఒక పట్టీ కొట్టి, దాని వెంట రందా తోస్తే వణుకు అంతగా తెలియదు. కానీ ఒక్క ముక్కతో తీస్తే గాడికి ఒక అంచు గీత గీసినట్టు వస్తుంది, రెండోది ఎలుక కొరికినట్టు చీలుతుంది. చీలినదాన్ని బొటనవేలితో తడిమి, ఇది చిన్నరాములు దిక్కు అంచు అంటాడు. చిన్నరాములుకు రాయి బిడ్డా, సోమవారం లోపల పంపుతడా అడుగు అని రోజూ అంటాడు. పంపేటోడైతే తీస్కనే పోకపోతుండె అని అమ్మ పొయ్యి దగ్గరి నుంచి అంటుంది. నాయినకు వినపడదు, లేదా వినడు.

అది మీ దగ్గర ఇంకా ఉందో లేదో నాకు తెలియదు. ఉంటే రిజిస్టరు పోస్టులో పంపండి. పారేసి ఉంటే ఆ సంగతి కాన్వెంటు చిరునామాకు రాయండి. అక్కడ చిన్న పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. నాయినకు అది చదివి వినిపించను.

మీ ఇద్దరి రందా పక్కన కూర్చొని,
భ్రమరాంబ

తా.క. నరసరాజుగారు చెప్పిన సోమవారం పోయిన నెలలోనే అయిపోయింది. ఒక అంచు చీలిన ఆ పలకను వాళ్లు మాకే ఇచ్చేశారు, నాయిన దాని మీదే మళ్లీ మళ్లీ గాడి తీస్తున్నాడు. పొద్దున్నే పెన్సిలు పెట్టుకొని, రేపే గదా సోమవారం అని అడుగుతాడు. నేను అవునంటాను.