గ్లాసు కోసం మూసిన కన్ను

ఫెజ్, ఆదివారం

ప్రియమైన సుఆద్ అక్కా,

ఫోను చేస్తే అమ్మ వింటుంది. అందుకే ఒక కన్ను మూసుకుని ఈ ఉత్తరం రాస్తున్నాను. రెండూ తెరిస్తే గీతలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి.

స్కూటర్ మీంచి పడ్డప్పటి నుంచి నా కళ్ళు రెండూ మాటలు మానేసిన తోడికోడళ్ళలా ఉన్నాయని నీకు తెలుసు. ఏది చూసినా రెండు. ఆపరేషన్‌తో సర్దుకుంటుందని డాక్టరు చెప్పినా అమ్మది ఒకటే మాట: "ముందు పెళ్ళి కానీయవే. మెల్లకన్నని తెలిస్తే మన గడప తొక్కేవాడుండడు. నోరు మెదపకు."

నిన్న జుహైర్ వాళ్ళు నన్ను పెళ్ళిచూపులు చూడ్డానికొచ్చారు. పిల్ల పోసిన పుదీనా టీ తాగితే గాని పిల్లని చూసినట్టు కాదు కదా. ఎత్తు నుంచి పోస్తేనే నురగ లేస్తుందని టీ కూజా భుజం దాకా ఎత్తాను. మొదటి ధార లేని గ్లాసులో పోశాను. ఉన్న తివాచీ తడిసింది. ఇక లాభం లేదని ఎడమ కన్ను మూశాను. నురగ భేషుగ్గా లేచింది. గ్లాసు అందిస్తూ తలెత్తితే ఎదురుగా జుహైర్. నా కన్ను ఇంకా మూసే ఉంది.

అతనూ తిరిగి కన్ను కొట్టాడక్కా.

వాళ్ళమ్మ గ్లాసు కింద పెట్టేసి, "మా కాలంలో టీ చేతుల్తో పోసేవాళ్ళం" అంది. వాళ్ళ నానమ్మ లల్లా రఖియా మాత్రం ఇంకో గ్లాసు పొయ్యమంది.

తల్లి వద్దన్నా అతను పట్టుబట్టాడట. శుక్రవారం ఆనవాయితీగా చక్కెర దిమ్మలు పట్టుకుని పెళ్ళి నిశ్చయానికి వస్తున్నారు. అతను నాకు నచ్చాడు. అందుకే ఏడుపొస్తోంది. లేని కన్నుగీటును చూసి మురిసిపోయేవాడితో కాపురమెలా చేయను? సంబంధం పోతే పోయింది, చెప్పేస్తాను.

నీ ఇక్రామ్


ఫెజ్, శుక్రవారం సాయంత్రం

అక్కా,

చక్కెర దిమ్మల పళ్ళెం బల్ల మీద పెట్టకముందే చెప్పేశాను. "ఆ రోజు నేను కన్ను కొట్టలేదు. నాకు అన్నీ రెండుగా కనిపిస్తాయి. గ్లాసు ఏదో తెలియక కన్ను మూశాను."

అమ్మ దిండు మీదికి ఒరిగిపోయింది. జుహైర్ మొహం వాడిపోయింది.

"అయితే అది నాకోసం కాదా?"

"కాదు. గ్లాసు కోసం."

వాళ్ళమ్మ లేచొచ్చి నన్ను కావిలించుకుంది. "అల్లా దయ. ఇది మగాళ్ళకి కన్నుకొట్టే రకమని ముద్ద దిగలేదు నాకు. జబ్బేనా తల్లీ? జబ్బయితే ఫర్వాలేదు."

లల్లా రఖియా పెదవి విరిచింది. "కన్నుకొట్టే పిల్లనుకునే నేను సరేనన్నాను. మన కొంపలో ఒక్కరికైనా సరదా ఉంటుందనుకున్నాను."

ముందు ఆపరేషన్, తర్వాతే పెళ్ళి అని వాళ్ళమ్మే తేల్చింది. సంబంధం నిలిచిందంటే అమ్మ ఇంకా నమ్మడం లేదు.

జుహైర్ మాత్రం మూతి ముడుచుకునే బయల్దేరాడు. గుమ్మం దాటుతూ ఒకసారి వెనక్కి చూశాడు. నేను ఎడమ కన్ను మూశాను.

చేతిలో గ్లాసు లేదక్కా.

నీ చెల్లి,
ఇక్రామ్