వెంకటసుబ్బులమ్మ చెయ్యి

మార్కాపురం,
శుక్రవారం.

సమ్రీన్ అక్కకు,

మల్లి నమస్కారాలు. మీ అమ్మీకి, నాగూర్ వలి అన్నకు నేను అడిగినట్టు చెప్పు.

మన ఒప్పందం ప్రకారం కాగితం మీదే రాస్తున్నాను. బొమ్మలు నేర్చుకునే ఆ వాట్సాప్ గ్రూపులో ఏది పెట్టినా ‘సూపర్’ అని ఒక బొటనవేలు, రెండు పువ్వులు వస్తాయి. అన్ని బొటనవేళ్లు చూశాను గానీ ఒక్క వేలు సరిగ్గా గీయడం నాకింకా రాలేదు. అందుకే నువ్వన్నట్టు ప్రింటు తీసి పంపుతున్నాను. ఎర్ర పెన్నుతో తప్పులు గుర్తుపెట్టి బ్రహ్మం బాబాయి చేతికివ్వు. గిద్దలూరు నుంచి రోజూ రైల్లో మార్కాపురం వచ్చిపోయే మనిషి కాబట్టి పోస్టు కంటే నయం.

ఈసారిది ప్రాక్టీసు బొమ్మ కాదక్కా. కొనకనమిట్ల దగ్గరి పల్లె నుంచి ఓబులయ్య తాత అని గొర్రెలు మేపే ఆయన మా ఫ్లెక్సుల దుకాణానికి వచ్చాడు. భార్య వెంకటసుబ్బులమ్మ పోయి ఏడాది కావస్తోంది. వచ్చే గురువారం సంవత్సరీకం. వాకిట్లో ఆమె నిలువెత్తు ఫ్లెక్సు కట్టాలి, వచ్చినవాళ్లను చెయ్యెత్తి దీవిస్తున్నట్టు ఉండాలి. ఆమె ఫోటో ఆధార్ కార్డు మీద ఉన్నదొక్కటే. అందులో మెడ దాకే ఉంది, ఆ ఉన్నంత మెడ కూడా భయపడి ఉంది. కింది మనిషినంతా నేను ట్యాబ్ మీద పుట్టించాలి.

మా ఓనరు మురళీధర్ సార్ ఒకటే మాట చెప్పాడు. తాతకు నచ్చితే డిజైనర్ కుర్చీ నాది. నచ్చకపోతే ఎప్పటిలాగే వెనక గదిలో కూర్చుని ఫ్లెక్సుల అంచులకు రంధ్రాలు కొట్టుకోవాలి. ఆ గదిలో ఫ్యాను కూడా లేదని నీకు తెలుసు.

ఆ కుర్చీ వైపే చూస్తూ,
మల్లి

తా.క.: మొహం ఎట్లా ఉండాలని తాతను అడిగాను. “నవ్వుతా వుండకూడదు, కోపంగా వుండకూడదు. నన్ను చూసినప్పుడు ఎట్లుండేదో అట్లుంటే చాలు” అన్నాడు. ఆ చూపు ఏ లేయర్‌లో గీయాలో చెప్పు.


గిద్దలూరు,
శనివారం.

మల్లికి,

సలాం. ప్రింటు అందింది. చదివి కోపం తెచ్చుకోవద్దు. తెచ్చుకున్నా పర్వాలేదు, అది ఇక్కడికొచ్చేసరికి చల్లారుతుంది.

నేను అన్న టైలరింగ్ షాపులో పొద్దస్తమానం జాకెట్లు కుట్టే మనిషిని. చెయ్యి ఎక్కడ వంగుతుందో నాకు తెలుసు. నీ బొమ్మలో చెయ్యి మోచేతి దగ్గర కాకుండా ఇంకాస్త కిందికొచ్చి వంగింది. ఆమె దీవిస్తున్నట్టు లేదు, కనిగిరి బస్సు ఆపుతున్నట్టుంది. ఐదు వేళ్లూ ఒకే పొడుగు. వీపు వంగిపోయింది, నిటారుగా నిలబెట్టు. ఇంక పాదాలు. పాదాలు గీయడం రాక చీర కుచ్చిళ్లు నేల మీదికి దించేశావు. ఆ ఉపాయం నేనే నీకంటే ముందు నుంచి చేస్తున్నాను, నా దగ్గర దాచకు.

బస్టాండుకు పో. నిలబడ్డవాళ్లను నిలబడ్డట్టే, అర నిమిషంలో ఒక్కొక్కరిని గీసి పడెయ్యి. వంద పాడైతే ఒకటి కుదురుతుంది.

నీ మంచి కోరి ఎర్ర పెన్ను అరగదీసిన,
సమ్రీన్

తా.క.: అన్న కూడా నీ బొమ్మ చూశాడు. “ఈమెకు జాకెట్టు కుట్టాలంటే కుడి చెయ్యికి గుడ్డ వేరే తెచ్చుకోమని చెప్పు” అన్నాడు.


మార్కాపురం,
సోమవారం.

అక్కకు,

నీ మాట విని రెండు పూటలు బస్టాండులో నిలబడి గీశాను. ఒకాయన నా దగ్గరికొచ్చి ఏ డిపార్టుమెంటు నుంచి వచ్చావని అడిగాడు. పక్కనున్న ఆమె ఆయన భార్య కాదనుకుంటాను, ఆ బొమ్మ చెరిపేదాకా ఆయన కదల్లేదు.

నువ్వు చెప్పినవన్నీ దిద్దాను. వీపు నిటారు చేశాను, వేళ్లు కుదించాను, పాదాలు బయటికి తీశాను. ఇవాళ ఓబులయ్య తాత వచ్చాడు. సార్ తన కుర్చీ లాగి కూర్చోబెట్టాడు. తాత స్క్రీన్ వంక చాలాసేపు చూశాడు.

“బాగుందమ్మా” అన్నాడు. తర్వాత, “ఎవురీ టీచరమ్మ?” అని అడిగాడు.

సార్ వెనక గది వైపు ఒకసారి చూశాడంతే. అది తిట్టినదానికంటే ఎక్కువైంది. అక్కా, ఇదంతా నీ నిటారు వీపు వల్లే వచ్చింది. వంగినప్పుడు ఆమె కనీసం ముసలామెలా ఉండేది. చెప్పడం తేలికే, గురువారం అక్కడ నిలబడాల్సింది నేను.

అందుకే పాతది పక్కన పెట్టి, ఈసారి ఒక నిజం మనిషి ఫోటో చూసి కొత్తగా గీశాను. ప్రింటు జత చేశాను.

ఫ్యాను లేని గదికి దగ్గరలో ఉన్న,
మల్లి

తా.క.: పోతూ పోతూ తాత ఆ టీచరమ్మకు దండం పెట్టి పోయాడు.


గిద్దలూరు,
మంగళవారం.

మల్లికి,

నిటారు వీపు నాదే గానీ టీచరమ్మ నీది. నేను ఎముకలు చూసి చెప్పగలను, మనిషిని పట్టుకోవాల్సింది నువ్వు. ఆ నింద నా మీద వెయ్యడం నాకు నచ్చలేదు.

కొత్త బొమ్మ చూశాను. ఏ నిజం మనిషిని చూసి గీశావో నాకు తెలియదు. అసలు ఆమె మనిషేనా అని నా అనుమానం. ఒక భుజం పైకి, ఒక భుజం కిందికి. మెడ ముందుకు పొడుచుకొచ్చి ప్రహరీ మీద నుంచి పక్కింట్లోకి చూస్తున్నట్టుంది. నడుం ఎటు తిరగాలో తేల్చుకోలేదు. ఇన్నేళ్లుగా కొలతలు తీస్తున్నాను, ఇట్లాంటి ఆకారం ఒక్కదాన్నీ చూడలేదు. ఆ ఫోటో పారెయ్యి.

నీకింకా నమ్మకం కుదరకపోతే బొమ్మను కుడిఎడమలు తిప్పి చూడు, అద్దంలో చూసినట్టు. మన కన్ను అలవాటుపడి వదిలేసిన తప్పులన్నీ అప్పుడు బయటపడతాయి. అందరూ చేసే పనే, ఒక్క బటన్ నొక్కితే తిరుగుతుంది.

ఇంతకంటే మెత్తగా చెప్పడం చేతగాని,
సమ్రీన్

తా.క.: అమ్మీ కళ్లజోడు పెట్టుకుని మరీ చూసింది. “పాపం, ఈ పిల్లకు సంబంధాలు రావడం లేదా?” అని అడిగింది.


మార్కాపురం,
బుధవారం.

సమ్రీన్ గారికి,

ఆ భుజం నీది. ఆ మెడా నీదే. మీ బంధువుల నిఖాలో పచ్చ చుడీదారు వేసుకుని నిలువెత్తుగా దిగి, గ్రూపులో నువ్వే పెట్టిన ఫోటో అది. దానికి అరవై బొటనవేళ్లు వచ్చాయి, అందులో ఒకటి నాది. చుడీదారు తీసి చీర కట్టాను, వయసు పెంచాను, చెయ్యెత్తించాను. ఎముకలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే గీశాను. కాబట్టి తప్పు నా బొమ్మలో లేదు.

నువ్వు చెప్పావని తిప్పి చూశాను. నిజమే, తప్పులు కనిపించాయి. పొద్దుటి నుంచి ఆ తిప్పిన బొమ్మ మీదే కూర్చుని భుజాలు సర్ది, పైట రెండు భుజాల మీదుగా కప్పి, మొహం మీద పని చేశాను. మధ్యాహ్నానికి ఆ చూపు కుదిరింది. అది నాకు నేనే కుదుర్చుకున్నాను, ఏ పెన్నూ చెప్పలేదు. సార్ మొహం చూసి, రంగులు చూసి సరేనన్నాడు. సాయంత్రం ప్రింటు, రేపు పొద్దున్నే ఊళ్లో కడతాం.

చిన్న కాపీ ఒకటి పంపుతున్నాను, అభిప్రాయం కోసం కాదు, చూసుకోవడానికి. నీ నంబరు ఫోన్‌లో బ్లాక్ చేశాను. ఎందుకంటే నువ్వు ఫోన్ చేస్తే ఏడుస్తాను, ఇవాళ నాకు ఏడవడానికి తీరిక లేదు.

నాగమల్లేశ్వరి

తా.క.: ఆ పిల్ల గిద్దలూరులోనే ఉంటుందని, సంబంధాలు తననే వెతకమని అమ్మీకి చెప్పు.


గిద్దలూరు,
గురువారం, పొద్దున.

మల్లీ,

నీ ఉత్తరం చదివి అన్న టేపు తెచ్చి నన్ను కొలిచాడు. కుడి భుజం కిందికే ఉంది. మిషన్ మీద వంగి వంగి అట్లా అయిందట. అమ్మీ నా వంక చూడటం లేదు. నాకు బాధేసింది, నీకూ వేసి ఉంటుంది. అదంతా తర్వాత మాట్లాడుకుందాం.

ఇప్పుడు నువ్వు పంపిన కాపీ సంగతి విను. ఆమె ఎత్తింది ఎడమ చెయ్యి.

తిప్పి చూడమన్నాను గానీ తిప్పి వదిలెయ్యమనలేదు. దిద్దడం అయ్యాక మళ్లీ వెనక్కి తిప్పాలి మల్లీ. నువ్వు తిప్పలేదు. పైట రెండు భుజాలూ కప్పింది కాబట్టి చీర తిరగబడిన సంగతి ఎవరికీ తెలియదు, చెయ్యి మాత్రం ఊరందరికీ తెలుస్తుంది. ఏడాది నాడు ఇంటి ముందు నిలబడి చుట్టాలందరినీ ఎడమ చేత్తో దీవిస్తే వాళ్లు ఊరుకుంటారా? తాత ఏమైపోతాడు?

నీకు ఫోన్ చేస్తే పోవడం లేదు. మీ దుకాణం నంబరు ఎవరూ ఎత్తడం లేదు. బ్రహ్మం బాబాయిని మార్కాపురంలో దిగి ఆటో ఎక్కి నేరుగా ఆ ఊరికే పొమ్మన్నాను. కట్టకముందు అందితే ఆపు. కట్టేసి ఉంటే నాలుగు మూరల పూలదండ తెచ్చి చెయ్యి కనపడకుండా వెయ్యి.

బాబాయి రైలు కదిలేలోపు రాస్తూ,
సమ్రీన్

తా.క.: తప్పు నా సలహాదని మీ సార్‌కు చెప్పు. నాకు ఆ కుర్చీతో పని లేదు.


మార్కాపురం,
శుక్రవారం.

సమ్రీన్ అక్కకు,

బ్రహ్మం బాబాయి చెమటలు కక్కుకుంటూ వచ్చేసరికి ఫ్లెక్సు కట్టేసి ఉంది. ఉత్తరం చదివి తలెత్తి చూశాను. అక్కా, రోజంతా నేను గీసిన చెయ్యి అది. అది ఎడమదని ఆ నిమిషం దాకా నాకు తెలియలేదు.

నాకంటే ముందే చుట్టాలు చూశారు. ఒక పెద్దామె, “ఎడం చేత్తో దీవెనేందమ్మా, శాపనార్థమా?” అని గట్టిగానే అడిగింది. ఆడవాళ్లు పిల్లలను వెనక్కి లాక్కున్నారు. సార్ పోయి ఆ చేతికి అడ్డం నిలబడ్డాడు గానీ ఆయన తల ఆమె నడుం దాకే వచ్చింది. దండ వేస్తే చెయ్యి దాటి కిందికి జారింది. ఎవరో దుప్పటి తెచ్చి బొమ్మ మీద కప్పేశారు. సార్ నా వైపు తిరిగి, రేపటి నుంచి వెనక గదిలోకి కూడా రావద్దని మెల్లగా చెప్పాడు.

అప్పుడు ఓబులయ్య తాత ఇంట్లోంచి వచ్చాడు. దుప్పటి ఎందుకు కప్పారని అడుగుతూ తనే లాగేశాడు. తలెత్తి ఆ చెయ్యి చూశాడు.

“తియ్యొద్దు. ఆమెది ఎడం చెయ్యే” అన్నాడు. “కాపురానికొచ్చిన కొత్తల్లో మా అమ్మ ఆ చేతికి గుడ్డ కట్టేసి, కుడి చేత్తో వడ్డించమనేది. నలుగురిలో సచ్చేదాకా కుడి చెయ్యే వాడింది. ఎవురూ లేనప్పుడు మాత్రం పిల్లోల్ల నెత్తిన ఆ చెయ్యే పెట్టేది.” తర్వాత నన్ను చూశాడు. “ఈ సంగతి నీకెవురు చెప్పినారమ్మా?”

నీ ఉత్తరం నా గుప్పిట్లోనే ఉంది. నేను నోరు తెరిచేలోపు సార్ ముందుకొచ్చాడు. “ఎవరూ చెప్పలేదు తాతా. మా డిజైనర్ అంత మనసు పెట్టి గీస్తుంది” అన్నాడు.

తాత తలకు చుట్టుకున్న తువ్వాలు తీసి భుజాన వేసుకుని, అందరూ చూస్తుండగా ఆ చెయ్యి కిందికి పోయి తల వంచాడు. మగవాళ్లు భార్య దీవెన తీసుకోవడం అక్కడెవరూ చూసి ఉండరు. పెద్దామె ముందు ముక్కున వేలేసుకుంది. కాసేపటికి తన మనవణ్ణి ముందుకు తోసింది. తర్వాత వరుస కట్టారు.

అక్కా, నీ ఉత్తరం ప్రింటుకు ముందే వచ్చి ఉంటే నేను బటన్ నొక్కి సరిచేసి ఉండేదాన్ని. తాత మళ్లీ టీచరమ్మకు దండం పెట్టి లోపలికి పోయేవాడు. నిన్ను అన్న మాటలకు నన్ను క్షమించు.

డిజైనర్ కుర్చీలోంచి, కాస్త భయంగానే,
మల్లి

తా.క.: తాత తన బొమ్మ కూడా ఇప్పుడే గీయమంటున్నాడు, బతికుండగానే చూసుకుని తప్పులు చెప్తాడట. రేపు దుకాణానికి వచ్చి నిలబడతానన్నాడు. చాలాసేపు కదలకుండా ఉండాలి, కాళ్లు లాగుతాయని చెప్పాను. “ఎండలో గొర్రెలెంబడి నిలబడే మనిషినమ్మా, ముందు నీ చెయ్యే నొప్పి పుడతాది” అన్నాడు. పొద్దుటి రైలుకు నువ్వూ రా, ఆయనకు చెరో పక్కన కూర్చుని గీద్దాం.