తొమ్మిదో ప్రశ్నకు జవాబు

మిర్యాలగూడ,
12-7-2009

నా కాటమ్మకు,

ముప్పై ఏళ్ల కాపురంలో నీకు నేను రాస్తున్న తొలి ఉత్తరమిది. కోదాడలో నీ చెల్లెలు ఆండాలు దీన్ని చదివి వినిపిస్తుంది. మరదలి నోట నా తప్పు పలుకుతుందని తెలిసే రాస్తున్నాను.

నిన్న సూర్యాపేట కౌన్సెలింగ్ కేంద్రంలో, పదిమంది రోగులూ వారి ఇంటివాళ్లూ గుండ్రంగా కూర్చున్నచోట, నువ్వు లేచి, కొంగుముడి విప్పి మాత్రల పొట్లం కౌన్సెలర్ సీత మేడం చేతిలో పెట్టావు. "ఇవి నా కాడ ఉంచకు మేడం. నా మీద నాకే నమ్మకం లేదు" అన్నావు. మేడం నీ కాగితం తీసి, "చనిపోవాలనే ఆలోచన లేదని ఇందులో రాసి ఉందే! అందుకేగా నెల మాత్రలు చేతికిచ్చాం" అన్నారు. అందరూ నిన్నే చూశారు. ఆ కాగితంలో నీ మాట మార్చి రాసింది నేనని ఎవరికీ తెలియదు. నేనూ అందరితో పాటు నిన్నే చూశాను. నువ్వు నావైపు ఒక్కసారి చూసి, తోడొచ్చిన ఆండాలుతో కోదాడ బస్సెక్కావు.

నెల కిందట, మొదటి రోజు, ఆ కాగితంలోని ప్రశ్నలు తానే చదివి రాస్తానని నర్సు అన్నది. "బి.ఎ. చదివినవాణ్ణి, నా భార్య జవాబులు నేను రాయలేనా?" అని కాగితం లాక్కున్నాను. పగలు మిల్లులో బస్తాలు మోసి, రాత్రి కాలేజీలో సంపాదించిన పట్టా మరి! నువ్వు చెప్పిన ప్రతి మాటనూ మంచి తెలుగులోకి మార్చాను. "పొద్దు గూకితే గుండె దడదడ అంటది" అంటే "సాయంకాలం స్వల్ప ఆందోళన" అని రాశాను. తొమ్మిదోది, చనిపోవాలనిపిస్తుందా అన్న ప్రశ్న. "మంద అమ్మినకాడి నుంచి గదే అనిపిస్తది. గొర్లు లేని పొద్దు ఎట్ల గడుపాలె?" అన్నావు. నేను "లేదు" అని రాశాను. మందను అమ్మి నిన్ను మిల్లు క్వార్టర్‌కు తెచ్చినవాణ్ణి నేనే కాబట్టి, ఆ జవాబు నామీద ఫిర్యాదులా తోచింది.

ఒక్క మాటతో నిన్ను ఎక్కడ నిలబెట్టానో నిన్న తెలిసింది. ఇంకా నమ్మలేకపోతున్నాను. శనివారం అందరి ముందూ నిజం చెబుతాను. నువ్వు రాకపోయినా చెబుతాను. చికిత్స మాత్రం మానకు.

నీ భర్త,
గుండెబోయిన పాండు


కోదాడ,
16-7-2009

మన బిడ్డ స్వరూప నాయినకు,

నేను చెప్తుంటే ఆండాలు రాస్తంది. ఒక్క మాట మార్చనని ఒట్టు పెట్టించుకున్న.

నువ్వు లేదని రాసినవని నాకు గా దినమే ఎరుక. నేను గంతసేపు చెప్తే నీ పెన్ను జర్రంత కదిలి ఆగింది. అక్షరం రాకుంటే కండ్లు గూడ లేవనుకున్నవా? నువ్వే చెప్తవని నెల సూసిన. చెప్పలే. గందుకే గుంపుల చెప్పిన. నీ పేరు మాత్రం తియ్యలే.

గొర్రెను కోసేముందు సుత నీళ్లు సల్లి, అది ఒళ్లు దులిపి ఒప్పుకున్నంకనే కోస్తం. నన్ను గంతన్న అడగకనే మంద అమ్మినవ్. గా కోపం ఇంక పోలే.

మేడంకు ఫోన్ల అంతా చెప్పిన. బస్సెక్కేముందు మేడం మాత్రలు ఆండాలు చేతికిచ్చింది, దాని కాడనే ఉన్నయ్, పూటకొకటి ఇస్తది. శనివారం వస్తున్న. గా ప్రశ్నలన్నీ నిన్ను గూడ అడుగుమని మేడంకు చెప్పిన. మంద పోయిన దినం నువ్వు ఖాళీ దొడ్డిల కూసోని, నోట్ల తువ్వాల కుక్కుకొని ఏడ్సినవ్. నేను తడక సాటుకెళ్లి సూసిన. గది ఇప్పటిదాక ఎవరికన్న చెప్పినవా?

కాటమ్మ