చెంచయ్య మామ కూతురు

కొనకనమిట్ల మండలం,
12 ఏప్రిల్ 2025.

చిరంజీవి సౌభాగ్యవతి అయిన మరదలు విజయకు,

వదిన వెంగమ్మ దీవించి రాసేది. ఇక్కడ నాయన, అమ్మ, నీ మొగుడు ఆదిశేషు, నీ కూతురు వర్షిణి, నేను, అమ్మేయగా మిగిలిన గొర్రెలు అందరం క్షేమం. అక్కడ మీ అమ్మగారూ నువ్వూ క్షేమమని తలుస్తాను. ఏ ఉత్తరమైనా క్షేమంతో మొదలుపెట్టాలని మా తెలుగు టీచరు నేర్పింది కాబట్టి రాశాను. నమ్మడం నమ్మకపోవడం నీ ఇష్టం.

ఫోను ఉండగా ఈ ఉత్తరమేమిటి అనుకుంటావు. ఫోన్లో మనం రెండు మాటలు మాట్లాడుకునే లోపు వర్షిణి వచ్చి మధ్యలో కూర్చుంటుంది. వాయిస్ మెసేజ్ పెడితే నీకంటే ముందు అదే వింటుంది. తొమ్మిదేళ్ల పిల్ల చెవిలో పడకూడని మాటలు కొన్ని ఉన్నాయి. నీకు తెలుగు చదవడం వచ్చు కాబట్టి నాకీ దారి దొరికింది. అది ఒకటో తరగతిలో పలక పడితే నువ్వు దాని పక్కన ఇంకో పలక పట్టుకుని కూర్చునేదానివి. మా సింహళం అక్షరాలూ మీ తెలుగు అక్షరాలూ అన్నీ సున్నాలే వదినా, తోకలే వేరు అనేదానివి. అందుకే పెద్ద పెద్ద అక్షరాలతో రాస్తున్నాను. అర్థం కాని చోట పైకి చదువుకో, చెవికి అర్థమవుతుంది.

ఈ ఏడు కంది సగం కూడా చేతికి రాలేదు. బోరు ఎండింది. నాయన మందలో సగం అమ్మేసి, మిగిలిన వాటిని నల్లమల వైపు తోలుకుపోయి మొన్ననే వచ్చాడు. అమ్మకు మోకాళ్లు పట్టేశాయి, నోరు మాత్రం బాగానే పనిచేస్తోంది. నీ మొగుడు మార్కాపురంలో పలకల లారీ నడుపుతున్నాడు. వర్షిణి నీ అంత ఎత్తు వచ్చేసేటట్టు ఉంది. జడ నేనే వేస్తున్నాను, నువ్వు వేసినంత గట్టిగా రావడం లేదని నన్ను తిడుతుంది.

ఇక అసలు సంగతి. పోయిన నెల ఫోన్లో ఇంకేదైనా వీసా ఉందేమో కనుక్కో వదినా అని అడిగావు కదా. ఆదిశేషును వెంటబెట్టుకుని మార్కాపురంలో ఒక లాయరు దగ్గరికి పోయాను. ఆయన చాలా ఓపికగా చెప్పాడు. చూసిపోయే వాళ్లకు టూరిస్టు వీసా అట. వైద్యానికి వచ్చే వాళ్లకు మెడికల్ వీసా, వాళ్ల వెంట ఉండే మనిషికి ఇంకొకటి. చదువుకునే వాళ్లకు ఒకటి, ఉద్యోగానికి ఒకటి, మీటింగులకు వచ్చి రెండు రోజులు టీలు తాగిపోయే వాళ్లకు ఒకటి. సినిమా తీసుకోవడానికి వచ్చే వాళ్లకు కూడా ఉందట. బిడ్డకు జడ వేయడానికి వచ్చే తల్లికి ఏ వీసా ఇస్తారు సార్ అని అడిగాను. నాకు అట్లా అడగడమే అలవాటు, నీకు తెలుసు. ఆయన నవ్వలేదు. అది ఎక్స్ వీసాలోకి వస్తుందమ్మా, ఇక్కడి మనిషిని పెళ్లాడిన వాళ్లకు ఇచ్చేది అదే, ఆమెకు ఇన్నేళ్లూ ఉన్నదీ అదే అన్నాడు. కానీ రానివ్వకూడని వాళ్ల జాబితాలో పేరు పడ్డాక వీసా పేరు ఏదైతే ఏముంది, అన్ని తలుపులూ ఒకే గోడకు ఉన్నాయి అన్నాడు. పైకి మళ్లీ అర్జీ పెట్టుకోవచ్చట. ఆదిశేషు రెండుసార్లు పెట్టాడు, రెండుసార్లూ కుదరదని జవాబు వచ్చింది.

నేనేం తప్పు చేశాను వదినా అని ప్రతిసారీ అడుగుతావు. ఆ రోజు పోలీసు వచ్చినప్పుడు నువ్వు పొయ్యి దగ్గర ఉన్నావు, సగమే విన్నావు. మొత్తం చెబుతాను, విను. తప్పు నీది కాదు. నిన్ను మా మనిషిగా కలుపుకోవడమే మేము చేసిన తప్పు.

కువైట్‌లో ఒకే ఇంట్లో నువ్వు వంటకూ ఆదిశేషు కారు నడపడానికీ ఉండి, ఇద్దరూ ఆ పనివాళ్ల వీసాల మీదే మనసులు కలుపుకుని, పదేళ్ల కిందట నువ్వు టూరిస్టు వీసా మీద మా గుమ్మంలో దిగావు. అమ్మ రెండు రోజులు ఏడ్చింది. మూడో రోజు లేచి, మీ వాళ్లు ఏం చేస్తారే అని అడిగింది. మా తాత గేదెలు మేపి కుండల్లో పెరుగు అమ్మేవాడు అని ఆదిశేషు చేత చెప్పించావు. అంతే. అయితే మనోళ్లే అని అమ్మ కళ్లు తుడుచుకుని పెళ్లికి బియ్యం ఏరడానికి కూర్చుంది.

పెళ్లి పీటల దగ్గర చిక్కొచ్చింది. కన్యాదానం చేయడానికి నీ వైపు మనిషి ఎవరూ లేరు. అప్పుడు గిద్దలూరు నుంచి వచ్చిన మా చెంచయ్య మామ లేచాడు. ఆయనకు పిల్లలు లేరు కదా. నాకు బిడ్డ లేదు, ఈ బిడ్డకు ఈడ నాయన లేడు, ఇంక ఆలోచన ఏంది అన్నాడు. మొగుడూ పెళ్లాం పీట మీద కూర్చుని ఆదిశేషు కాళ్లు కడిగి నిన్ను దానం ఇచ్చారు. మేనమామ కూతురివి అయ్యావు కాబట్టి ఇది మేనరికమే అని ఊరంతా నవ్వుకుంది. మా ఇంటి ఆచారం ప్రకారం అమ్మ నీ చెయ్యి పట్టి పళ్లెంలో బియ్యం మీద కొత్త పేరు రాయించింది. విజయ. ఆ రోజు నుంచి నిల్మిణి అనే పేరు నీ పాస్‌పోర్టులోనూ, ఆదిశేషు నీకోసం చేయించిన పెళ్లి రిజిస్టరులోనూ తప్ప ఈ ఊళ్లో ఎక్కడా లేదు.

తర్వాత ఓట్లు రాసుకునే వాళ్లు వచ్చారు. ఇంట్లో ఎందరున్నారు అంటే అమ్మ నిన్నూ చెప్పింది. పేరు అడిగితే విజయ, తండ్రి పేరు అడిగితే చెంచయ్య, గిద్దలూరు. అమ్మకు అబద్ధం ఆడుతున్నానన్న ఊహే లేదు. సంతకం పెట్టమంటే నువ్వు తెలుగులో పెట్టావు, మేమందరం చప్పట్లు కొట్టాం. ఆసుపత్రిలో వర్షిణి పుట్టినప్పుడు తల్లి పేరు విజయ అని రాయించింది కూడా అమ్మే.

ఆ తర్వాత ఇన్నేళ్లకు ఆదిశేషుకు బుద్ధి పుట్టింది. ఎక్స్ వీసా పొడిగించుకోవడానికి తిరిగి తిరిగి విసుగెత్తి, ఓసీఐ అనే కార్డు ఉంటుందట, అది వస్తే బతికినంత కాలం వీసా బాధ ఉండదట అని అర్జీ పెట్టాడు. దాని విచారణకే ఆ పోలీసు వచ్చింది. నిల్మిణి ఎవరు అని ఊళ్లో అడిగితే, ఆ పేరు గల మనిషి మా ఊర్లో యాడుంది సార్ అన్నారంతా. అమ్మకు కోపం వచ్చింది. నా కోడలే సార్, కావాలంటే సూడండి అని పెట్టెలోంచి నీ ఓటు కార్డు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. పరాయి దేశం మనిషికి ఓటు ఉండటం నేరమని మాలో ఎవరికి తెలుసు? పాపం ఆ పోలీసు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఇది రాసుకోక తప్పదమ్మా అన్నాడు.

అయినా అప్పటికీ దారి ఉందట. జిల్లా ఆఫీసులో చెంచయ్య మామను పిలిపించారు. ఆ సారు మంచివాడే. పెద్దాయనా, ఈమె నీ కూతురు కాదు, తెలియక అట్లా రాయించారు అని చెప్పు, మేము మంచిగా రాసి పైకి పంపుతాం అన్నాడు. మామ ఒప్పుకోలేదు. కాళ్లు కడిగి దానం ఇచ్చినా సార్, ఇయ్యాల కాదంటే రేపు పైన ఏం మొగం పెట్టుకోని నిలబడాల, అది నా బిడ్డే అన్నాడు. ఎక్కడ పుట్టింది అంటే, యాడ పుడితే ఏంది సార్ అన్నాడు. ఆదిశేషు పక్కన నిలబడి మోచేత్తో పొడిచాడట. మామ ఇంకా గట్టిగా చెప్పాడు. చెప్పిందంతా రాసుకున్నారు. తండ్రి పేరు తప్పని తెలిసీ కావాలనే చెబుతున్నారని దాని అర్థమట. రెండేళ్ల కిందట దేశం విడిచి పొమ్మని నీకు నోటీసు వచ్చింది అందువల్లే. దానం ఇచ్చిన మనిషి మాట నిలబెట్టుకున్నాడు, నీ కాపురం పోయింది. ఎవరిని తిట్టాలో నాకు ఇప్పటికీ తెలియడం లేదు.

నీ మొగుడు అక్కడికే వచ్చి ఉండొచ్చు కదా అని అడిగావు. మీ దేశంలోనూ పెళ్లాం తరఫున మొగుడికి వీసా ఇస్తారట, నేనూ విన్నాను. అడిగాను. తల గోక్కున్నాడు. పోయిన ఏడు టూరిస్టు వీసా మీద వచ్చి నెల రోజులు మీ ఇంట్లో ఉన్నాడు కదా, ఆడ పనికి పోనీరు అక్కా, మాట రాదు, మగోణ్ణి పొద్దస్తమానం అత్తగారి గడపలో ఎట్ల కూసోవాల అన్నాడు. అది ఎనిమిదేళ్లు మన గడపలో కూర్చోలేదా రా అన్నాను. లేచి బయటికి పోయాడు. వాడు చెడ్డవాడు కాదు విజయా. ఎనుబోతు మీద వాన కురిసినట్టు ఉంటాడు, నువ్వు లేని మంచం మీద పడుకుని గోడవైపు తిరిగి ఏడుస్తాడు. ఏడవడం తప్ప ఇంకేం చేయడం వాడికి చేతకాదు.

ఇక వర్షిణిని సెలవులకు పంపమన్నావు. దాని పాస్‌పోర్టు రాలేదు. పుట్టిన కాగితంలో తల్లి విజయ, నీ పాస్‌పోర్టులో నిల్మిణి. విజయ ఎవరు, తీసుకురండి అంటున్నారు. ఎక్కడి నుంచి తీసుకురావాలి? ఆ కాగితం సరిచేయాలంటే విజయ నా కూతురు కాదని చెంచయ్య మామ ప్రమాణం చేసి రాసివ్వాలట. ఆయన సంగతి నీకు తెలిసిందే. అందువల్ల ఈ వేసవికి ఆశ పెట్టుకోకు. వచ్చే ఏడు కూడా చెప్పలేను. కాగితాల ప్రకారం దానికి నువ్వు తల్లివి కావు, కాబట్టి మీ దేశం వాళ్లూ దాన్ని నీ బిడ్డ అని కలుపుకోలేరు. ఇంతకంటే రాయడానికి నా దగ్గర ఏమీ లేదు.

వేళకు తిను. మీ కుట్టు ఫ్యాక్టరీలో నైట్ డ్యూటీ ఒప్పుకోకు, నీకు తలనొప్పి వస్తుంది. మీ అమ్మగారికి మా అమ్మ నమస్కారం చెప్పమంది.

ఇట్లు,
నీ వదిన
వెంగమ్మ

తా.క.: ఇది మార్కాపురం పోస్టాఫీసులో నిలబడి రాస్తున్నాను. పైన పాస్‌పోర్టు గురించి రాసిన ముక్క నాయన, ఆదిశేషు అట్లా రాయమంటే రాసింది. కవరు అంటించబోతే చెయ్యి రాలేదు.

పాస్‌పోర్టు వచ్చింది విజయా. మాఘమాసంలోనే వచ్చింది. చెంచయ్య మామ మాట మార్చాడు. నా బిడ్డ పోతే పోయింది, దాని బిడ్డ అన్నా తల్లి దగ్గరికి పోవాల అని ఒంగోలు వచ్చి, ఆ విజయ నా కూతురు కాదు, ఆమెకూ నాకూ ఏ సంబంధమూ లేదు అని రాసిన కాగితం మీద వేలిముద్ర వేశాడు. గిద్దలూరు చేరాక ఇంట్లోకి అడుగు పెట్టకుండా, చావుకు పోయొచ్చిన వాడిలా వాకిట్లోనే తలమీద నీళ్లు పోసుకున్నాడట. అత్త ఫోన్ చేసి చెప్పింది.

మీ దేశానికి టూరిస్టు వీసా మార్కాపురం నెట్ సెంటర్లోనే చేసిస్తామన్నారు. టికెట్ల సంగతి కూడా కనుక్కున్నాం. వర్షిణిని కూర్చోబెట్టి చెప్పాం. నేను పోను అత్తా అంది. ఆమె ఇప్పుడు మాట్లాడేది నాకు సగం అర్థం గాదు, ఆడ నాకు ఎవురున్నారు అంది. నిన్ను అమ్మ అని అనలేదు, ఆమె అని అంది. బతిమాలాం. ఆదిశేషు ఎన్నడూ లేనిది కొట్టాడు కూడా. మూడు రోజులు జ్వరం తెచ్చుకుంది. ఇక వదిలేశాం.

ఆఫీసు ఆపిందంటే ఆ బిడ్డ ఆఫీసును తిట్టుకోని బతుకుతాది, కూతురే వద్దందంటే ఎవుర్ని తిట్టుకుంటాది అన్నాడు నాయన. ఆ మాటకే నేనూ ఒప్పుకున్నాను. కానీ నువ్వు నెల నెలా ఇంకో వీసా పేరు వెతుక్కుని నన్ను అడుగుతున్నావు. కుట్టు మిషను ముందు కూర్చుని వాటి కోసం ఎన్నేళ్లు అడుగుతావు? ఇక వెతకొద్దు తల్లీ.

ఫోన్ చేయడం మాత్రం మానొద్దు. అది ఎత్తకపోతే నేను ఎత్తుతాను.