మిషన్‌లో తిరిగిన పూర్ణం

సహస్రా,

మిషన్‌లో రుబ్బిన పూర్ణం దేవుడికి పనికొస్తుందా అని నాకు ఏళ్ల తరబడి అనుమానం. అందుకే ఉల్లిగడ్డ తగలకుండా దేవుడి వంటకు వేరే గిన్నె ఉన్న ఫుడ్ ప్రాసెసరే కావాలని పట్టుబట్టాను. దుకాణాయన నవ్వాడు, నువ్వూ నవ్వావు.

ఈ రాత్రి మనందరం తినే భక్షాలకు శనగపప్పు ఉడికించి, నీళ్లు వంచి పెట్టాను. పూర్తిగా చల్లారాకే బెల్లం కలిపి చిన్న గిన్నెలో వెయ్యి. ఆపి ఆపి తిప్పు, లేకపోతే జావైపోతుంది. పిండి కూడా మిషన్‌లోనే కలుపు, దానికి ప్లాస్టిక్ బ్లేడు పెట్టాలి. నీ మణికట్టు నొప్పి నాకు తెలియదనుకోకు.

పొద్దున నేను మిషన్‌కు బొట్టు పెట్టి మీట నొక్కితే అది కదల్లేదు. దేవుడే వద్దంటున్నాడని చేతులు జోడించి నిలబడ్డాను. పృథ్వీ వచ్చి మూత తిప్పితే టక్కుమంది. "వద్దన్నది దేవుడు గాదమ్మా, నువ్వు మూత సక్కగ పెట్టలే" అన్నాడు. నువ్వూ టక్కుమనే దాకా తిప్పు.

పొద్దున ఆ మిషన్ పూర్ణంతోనే చేసిన నైవేద్యం పట్టుకుని ఝరాసంగం గుడికి పోతున్నాను. పొద్దుగూకేలోపు వస్తాను.

అత్తమ్మ

అన్నట్టు, నువ్వు కొత్త కోడలుగా వచ్చిన ఏడాది నా చెయ్యి విరిగితే పూర్ణమంతా రోట్లో నువ్వే రుబ్బావు. "నాకు ఒక్కటన్న ఉంచున్రి అత్తమ్మా" అన్నావు. సరే అన్నాను గానీ, చుట్టాలొచ్చి ఒక్కటీ మిగల్లేదు. ఈ రోజు దేవుడికి తీసి పెట్టాక మొదటి భక్షం నీదే. నెయ్యి వేసి స్టీలు డబ్బాలో పెట్టాను. పృథ్వీ రాకముందే తినెయ్యి.