వాగు అవతలి పెండలం చేను

దూరాన కునియే దీవిలో ఉన్న చెల్లెలికి, మన లోయ నుంచి అన్న దీవెనలు. మేమందరం బాగానే ఉన్నాం. మీరూ అక్కడ బాగున్నారనే అనుకుంటున్నాను.

పెద్దవాళ్ళమయ్యాక మనం ఎదురెదురుగా మాట్లాడుకున్నది లేదు. అన్న చెల్లెలి పేరు పలకకూడదు, ఆమె ఇంటి ఊసు ఎత్తకూడదు. కాగితం మీద రాయకూడదని మాత్రం పెద్దలెవరూ చెప్పలేదు. వాళ్ళు కాగితం చూస్తే కదా.

నీ కొడుకు నెకొయి చేత రాయించిన ఉత్తరం అందింది. నా మోకాలి సంగతి అడిగావు. వాన పడితే నొప్పి, లేకపోతే లేదు. ఈసారి పెండలం బాగా ఊరింది. మొదటి దుంప పెద్దల సమాధుల దగ్గర పెట్టాం. నా భార్య మార్త నన్ను తిడుతూనే ఉంది, అంటే కులాసాగానే ఉన్నట్టు.

ఇంకొకటి కూడా అడిగావు. ఓడలో పంపేసినవాళ్ళను తిరిగి రానిస్తున్నారట, వాగు అవతలి మా చేను మాకిస్తారా, అసలది దొరల పాలెలా అయింది అని. అది మూడుసార్లు చదివాను.

చెబుతాను. కోపం వచ్చినా చివరిదాకా చదివించుకో.

నేల కొలిచే దొర కొలత గొలుసుతో వచ్చిన రోజు పెద్దలంతా కొండ అవతల చావు విందుకు వెళ్ళారు. పాదిరి బడిలో రెండేళ్ళు చదివానని నన్ను వెంట తిప్పుకున్నారు. ఏ చేను ఎవరిదో చెబుతూ వచ్చాను. మీ చేనుకు అప్పుడు మీరు విశ్రాంతి ఇచ్చి నాలుగేళ్ళయింది. గడ్డి నడుమెత్తు పెరిగింది.

"ఈ బీడు ఎవరిది?" అన్నాడు దొర.

నేను తల దించుకున్నాను.

రేవు నుంచి వచ్చిన దుబాసీ నవ్వాడు. "ఏం మావా, నోట్లో వేడి దుంప పెట్టుకున్నావా? ఇందాకటిదాకా బాగానే వాగావుగా! ఎవరిదీ కాదా? తొందరగా చెప్పు, దొరకి ఆకలేస్తోంది."

నేను నేలనే చూస్తూ నిలబడ్డాను. దొర ఏదో రాసుకుని ముందుకు నడిచాడు. ఎవరిదీ కాదని రాసుకున్నాడని తరవాత తెలిసింది.

మరుసటి ఏడు ఆ బీడులోకి దొరల పశువులు వచ్చాయి. కంచె లేదు. లోయలో ఒక్క దుంప మిగల్లేదు. ఆ తరవాత మనవాళ్ళ గొడ్డళ్ళు, దొరల తుపాకులు, మిమ్మల్ని ఎక్కించిన ఓడ. నీ పెనిమిటి ఆ దీవిలోనే పోయాడు.

నేను చెప్పినా వాళ్ళు తీసుకునేవాళ్ళేమో. కానీ "ఉండండి, చెప్పేవాళ్ళను పిలుచుకొస్తా" అనవచ్చు కదా. దానికి ఆచారం అడ్డురాదు. ఇన్నేళ్ళూ నా నోరు కట్టేసింది ఆచారమే అనుకుంటూ వచ్చాను. సగం భయం.

పోయిన నెల మళ్ళీ కొలవడానికి వచ్చారు, మనల్ని ఎగువ రాళ్ళ నేలకు తోలడానికి. అందరి ముందూ లేచి, అవతలి చేను ఎవరిదో చెప్పాను. నీ పేరు పెట్టి చెప్పాను. ఆడవాళ్ళు ముఖాలు తిప్పుకున్నారు.

"పదిహేనేళ్ళుగా అక్కడ దొరగారి ఆవులు మేస్తుంటే ఇప్పుడు గుర్తొచ్చిందా తాతా?" అన్నాడు అధికారి. రాసుకోలేదు.

ఇంటికొచ్చాక మార్త, "నోరు తెరవాల్సిన రోజు మూసుకున్నావు, మూసుకోవాల్సిన రోజు తెరిచావు. సిగ్గు లేదూ?" అంది. 

మీ చేను ఇప్పించలేను. ఎగువన నాకిచ్చిన నేలలో సగం నెకొయిది. మేనమామగా ఇస్తున్నాను, దానితో నేను చేసింది చెరిగిపోతుందని కాదు. రావాలో వద్దో మీరే తేల్చుకోండి. వస్తే ఆచారం ప్రకారం నేను దారి పక్కకు తప్పుకుని నిలబడతాను. నీ మనసులో ఏముందో అప్పుడు కూడా నిన్ను అడగలేను.

ఇట్లు,
నీ పేరు ఒక్కసారి పలికిన అన్న,
దూయీ