నివేదికలో కొట్టేసిన ఊట

మేకన్, జార్జియా
1893 మే 8

ప్రియమైన చెల్లాయి డ్రూసిల్లాకు,

గురువారం ఉత్తరాది నుంచి ముగ్గురు ముసలివాళ్లు నా ఇంటికి వస్తున్నారు. ఉత్తర దక్షిణాల యుద్ధంలో మనవాళ్లకు ఖైదీలుగా చిక్కి, మన పైన్ అడవి జైలు నుంచి బతికి బయటపడ్డ సైనికులు. జైలుకు ఆ వాగు పక్క చోటు ఎంచిందెవరని అడుగుతారట. మూడు రోజులుగా నాకు తిండి సహించడం లేదు.

ఆ జైలు కట్టించిన మేజర్ బ్రాసెల్ పత్రికలో నా గురించి రాసింది చూశావుగా: "సర్వేయరు క్రెన్షా నాకు మరో చోటే చూపలేదు." ముప్పై ఏళ్లుగా ఆ మనిషిని నేను తిట్టని సభ లేదు. వాడికి సరితూగే దుర్మార్గుడి కోసం రోము చరిత్రంతా తిరగేశాను. వంటశాలను వాగుకు ఎగువన కట్టించి, ఆ మురికినీళ్లే ఖైదీల చేత తాగించింది వాడే. కానీ చెల్లాయ్, ఈ ఒక్క మాట మాత్రం వాడు నిజమే రాశాడు.

అరవై నాలుగు జనవరిలో, వానలు కురిసి వాగు మొలలోతు పారుతుంటే కొలిచాను. కొలత గొలుసు పట్టిన మీ బానిస ఐషమ్ నవ్వాడు.

"ఇవి వాన నీళ్లు దొరా. ఆగస్టులో రండి, కప్పకి కాళ్లు కూడా తడవవు. అమ్మగారి ఊటైతే ఏనాడూ ఎండలేదు."

"నిన్నెవడడిగాడు? గొలుసు లాగు," అన్నాను.

నా నివేదికలో మొదటి చోటు నీ పొలంలోని ఆ ఊటే. జైలు కట్టాల్సిందేనని అందరూ అనేవాళ్లు, కాకపోతే పక్క జిల్లాలో. ఆదివారం భోజనాల దగ్గర నువ్వు నా చెయ్యి పట్టుకుని, "అన్నయ్యా, ఆ పీడని మా గడపలోకి తేకు," అన్నావు. నేను ఆ వరుస కొట్టేసి, వాగు ఒక్కటే ఉంచి, శుభ్రప్రతి మేజరుకు పంపాను. ఆగస్టుకు వాగు బురదైంది. ఆ బురద తాగి ఎందరు పోయారో నీకు తెలుసు.

నిజం చెబితే నీ పేరు బయటికొస్తుంది. దాచితే ఆ వెధవ మీద అబద్ధం మోపినవాణ్ని అవుతాను. ఏం చెయ్యమంటావు?

నీ అన్న,
థాడియస్ క్రెన్షా

మే 10

అన్నయ్యకు,

నా పేరు నిక్షేపంగా చెప్పు. బతిమాలిన మాట నిజమే. కానీ ఆ రోజు నువ్వేమన్నావో మరిచావా? హామ్ మాంసం కోసుకుంటూ నవ్వి, "నువ్వు చెప్పాలా పిచ్చిదానా, నిన్ననే కొట్టేశాను. గాలి ఇటే కొడుతుంది. ఆ కంపులో మీ మేడ మీద కూర్చుని నేనేం చదువుకుంటాను?" అన్నావు. నా గుండె తేలికపడి నీకు ఇంకో ముక్క వడ్డించాను. నా పాపం అది.

రేపు పొద్దుటి రైలుకు వస్తున్నాను. వాళ్లు వచ్చేసరికి నీ పక్క కుర్చీలో ఉంటాను. నువ్వు చెబితే సరే. నీకు నోరు రాకపోతే నేనే చెబుతాను.

నీ చెల్లెలు,
డ్రూసిల్లా